ఒకే కాగితం మీద భూమి, గింజలు, అంబేద్కర్ పటం: దాదాసాహెబ్ గైక్వాడ్ జీవితం

1964 అక్టోబరులో రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా నాయకులు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి పది డిమాండ్ల పత్రం ఇచ్చారు. దున్నేవాడికే భూమి ఇవ్వాలి. ప్రభుత్వ బంజరు భూములను భూమిలేని పేదలకు పంచాలి. తిండిగింజలు అందరికీ సరిపడా అందించాలి, పెరుగుతున్న ధరలను అదుపు చేయాలి. మురికివాడల్లో ఉంటున్నవాళ్ల బతుకులు బాగుచేయాలి. 1948 కనీస వేతనాల చట్టాన్ని పూర్తిగా అమలు చేయాలి. బౌద్ధం తీసుకున్న దళితులకు ఎస్సీ హక్కులన్నీ ఇవ్వాలి. దళితుల మీద వేధింపులు ఆపాలి. అస్పృశ్యతా నేరాల చట్టం కింద పూర్తి న్యాయం చేయాలి. ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఖాళీలన్నీ 1970 కల్లా నింపాలి. పార్లమెంటు సెంట్రల్ హాలులో బాబాసాహెబ్ అంబేద్కర్ పటం పెట్టాలి.

ఆ పత్రం వెనక ఉన్న మనిషి అప్పటి రాజ్యసభ సభ్యుడు భావురావు కృష్ణాజీ గైక్వాడ్. మహారాష్ట్ర దళితులు ఆయన్ని దాదాసాహెబ్ అనీ, కర్మవీర్ అనీ పిలుచుకున్నారు. మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్లకు కూడా ఎక్కువగా గుర్తొచ్చేది నాసిక్ కాలారామ్ గుడి సత్యాగ్రహమే. భూమి కోసం, గింజల కోసం ఆయన చేసిన పని గురించి తెలుగులో మాట్లాడుకున్నది చాలా తక్కువ.

క్యాంపస్ చర్చల్లో ఒక వాదన నాకు తరచూ ఎదురవుతుంది. అంబేద్కర్‌వాదులు ఆత్మగౌరవం గురించే మాట్లాడతారనీ, భూమి, కూలి, ఆకలి వాళ్ల ఎజెండాలో ఎప్పుడూ లేవనీ కొందరు మిత్రులు అంటారు. మనలోనే ఇంకొందరు, భూమి పోరాటం మన పని కాదన్నట్టు మాట్లాడతారు. ఈ ఇద్దరికీ గైక్వాడ్ జీవితమే జవాబు. పటాన్నీ పొలాన్నీ ఒకే కాగితం మీద రాసి ప్రధానికి ఇచ్చిన మనిషి ఆయన.

ఆంబే నుంచి నాసిక్‌కు

గైక్వాడ్ 1902 అక్టోబరు 15న నాసిక్ జిల్లా దిండోరి తాలూకాలోని ఆంబే గ్రామంలో మహార్ కుటుంబంలో పుట్టారు. ఆ కుటుంబాల బతుకు ఎలా ఉండేదో తెలిస్తే ఆయన రాజకీయం అర్థమవుతుంది. మహార్లకు వతన్ అనే చిన్న భూమి చెక్క ఉండేది. ఊరి చాకిరీకి బదులుగా ఇచ్చిన ఇనాం అది. దాని కోసం కుటుంబం మొత్తం రాత్రీ పగలూ సర్కారు పనికి, ఊరి పనికి సిద్ధంగా ఉండాలి. శిస్తు మోయాలి, కబురు చేరవేయాలి, వచ్చిన అధికారి వెంట తిరగాలి. ఇంటి పెద్ద లేకపోతే ఇంట్లో ఇంకొకరు వెళ్లాలి. పైగా పంట చేతికొచ్చాక రైతుల కళ్ళాల దగ్గర నిలబడి బలుతా అనే గింజల వాటా అడుక్కోవాలి.

తెలుగు పల్లెల్లో మాల మాదిగలకు ఇది కొత్త సంగతి కాదు. మన తాతలు కళ్ళం దగ్గర మేర కోసం నిలబడ్డారు, వెట్టి చేశారు. చేసిన పనికి కూలిగా కాక, పెట్టేవాడి దయగా గింజలు చేతిలో పడటం ఎలా ఉంటుందో ఆ తరానికి తెలుసు. తిండిగింజలు మనకు హక్కుగా రావాలని గైక్వాడ్ తర్వాత పార్లమెంటులో, వీధుల్లో అడిగారంటే, ఆ డిమాండ్ ఈ కళ్ళాల దగ్గరి నుంచే వచ్చింది.

1920ల్లో ఆయన అంబేద్కర్ ఉద్యమంలోకి వచ్చారు. 1928లో అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. మహార్లను ఈ కట్టుచాకిరీ నుంచి విడిపించి, చేసిన పనికి జీతం ఇప్పించాలన్నది దాని సారం. ఆ బిల్లు నెగ్గలేదు. కానీ వతన్ పోరాటం ఆగలేదు.

1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి సత్యాగ్రహం మొదలైంది. గాంధీ దండి యాత్రకు బయలుదేరింది దానికి పది రోజుల తర్వాత. గుడి తలుపులు మూసేశారు. ఆ ఏడాది శ్రీరామనవమి రథం రోజున సత్యాగ్రహుల మీద రాళ్లు పడ్డాయి. అంబేద్కర్ బొంబాయిలోనో, రౌండ్ టేబుల్ సమావేశాల కోసం లండన్‌లోనో ఉంటే, నాసిక్‌లో సత్యాగ్రహ సంఘాన్ని రోజూ నడిపింది గైక్వాడ్. ఊర్ల నుంచి జనాన్ని రప్పించడం, వాళ్ల తిండీ వసతీ చూడటం, జైలుకు వెళ్లిన వాళ్ల కుటుంబాలను పట్టించుకోవడం ఆయన వంతు. ఇలా ఏళ్ల తరబడి సాగింది.

1934 మార్చిలో అంబేద్కర్ ఆయనకు ఒక ఉత్తరం రాశారు. గుడి ప్రవేశం కోసం ఇక శక్తి ఖర్చు చేయొద్దనీ, రాజకీయాల మీద, చదువు మీద దృష్టి పెట్టమనీ దాని సారం. అంబేద్కర్ గైక్వాడ్‌కు రాసిన ఉత్తరాలు ఒక పుస్తకానికి సరిపడా ఉన్నాయి. మరుసటి ఏడాది, 1935 అక్టోబరు 13న, అదే నాసిక్ జిల్లా యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించారు. గుడి తలుపు దగ్గర మొదలైన గైక్వాడ్ ప్రయాణం అక్కడి నుంచి శాసనసభ వైపు తిరిగింది.

శాసనసభలో, శాసనసభ బయట

1936లో అంబేద్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. పేరులోనే కార్మికులున్న ఆ పార్టీ కార్యక్రమంలో కౌలుదార్ల, వ్యవసాయ కూలీల సమస్యలు ముందు వరుసలో ఉన్నాయి. 1937 ఎన్నికల్లో గైక్వాడ్ నాసిక్ నుంచి బొంబాయి శాసనసభకు గెలిచారు. అదే ఏడాది సెప్టెంబరులో అంబేద్కర్ కొంకణ్‌లోని ఖోతీ విధానాన్ని రద్దు చేసే బిల్లు ప్రవేశపెట్టారు. ఖోత్ అంటే ప్రభుత్వానికీ రైతుకూ మధ్య నిలబడి శిస్తు వసూలు చేసే భూస్వామి. మన జమీందారీ ఊళ్లలో ఉన్న దోపిడీ లాంటిదే అది. బిల్లును సర్కారు పక్కన పెట్టినప్పుడు, 1938 జనవరి 10న వేలాది మంది రైతులు బొంబాయి కౌన్సిల్ హాలుకు ఊరేగింపుగా వచ్చారు. అందులో దళితులే కాదు, శూద్ర కులాల కౌలు రైతులు కూడా ఉన్నారు. ఖోతీ రద్దు చట్టం వచ్చేసరికి 1949 అయింది.

సభలో బిల్లు, సభ బయట జనం. ఈ రెండూ కలిసి నడవాలన్న పాఠం గైక్వాడ్ ఈ రోజుల్లో నేర్చుకున్నారు. జీవితాంతం ఆ పద్ధతిలోనే పనిచేశారు.

వతన్ భూముల మీద బొంబాయి సర్కారు పన్ను పెంచినప్పుడు కూడా ఇదే జరిగింది. 1941 ఆగస్టులో నాసిక్ జిల్లా సిన్నర్‌లో పెద్ద సదస్సు జరిగింది. పన్ను కట్టొద్దని ఉద్యమం మొదలైంది. చివరికి సర్కారు వెనక్కి తగ్గింది. వతన్ విధానం పూర్తిగా పోవడానికి మాత్రం 1958 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

1947లో అంబేద్కర్ రాసిన రాజ్యాలు-మైనారిటీలు అనే పత్రంలో ఒక పెద్ద ప్రతిపాదన ఉంది. సాగుభూమి అంతా ప్రభుత్వ సొత్తు కావాలి. ఊరివాళ్లకు కులం, మతం చూడకుండా దాన్ని సమష్టి సాగుకు ఇవ్వాలి. రాజ్యాంగంలోకి అది ఎక్కలేదు. భూమి సంస్కరణ రాష్ట్రాల చేతికి వెళ్లింది. రాష్ట్రాల్లో శాసనసభలు ఎవరి చేతుల్లో ఉన్నాయో మనకు తెలుసు.

ధోవతి నాయకుడి మీద కోటు నాయకుల కోపం

1956 డిసెంబరు 6న అంబేద్కర్ కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో గైక్వాడ్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున నాసిక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో కమ్యూనిస్టులు, సోషలిస్టులతో కలిసి పనిచేసిన ఎన్నిక అది. 1957 అక్టోబరు 3న రిపబ్లికన్ పార్టీ పుట్టింది. మద్రాసుకు చెందిన ఎన్. శివరాజ్ మొదటి అధ్యక్షుడు.

పార్టీ పుట్టిన రెండేళ్లలోపే చీలింది. ఒక పక్క బి.సి. కాంబ్లే వంటి చదువుకున్న యువ న్యాయవాదులు. ఇంకో పక్క గైక్వాడ్. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, ధోవతి కట్టుకుని ఊర్లు తిరిగే మనిషి. భూమి కోసం సత్యాగ్రహం చేయడం, కమ్యూనిస్టులతో వేదిక పంచుకోవడం అంబేద్కర్ దారి కాదని కాంబ్లే వర్గం వాదించింది. ఆ వాదనకు ఆధారం లేకపోలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహాన్ని వదిలేయాలని అంబేద్కర్ స్వయంగా హెచ్చరించారు.

గైక్వాడ్ ఈ వాదనకు పని ద్వారా జవాబు చెప్పారు. ఆయన చట్టసభను వదల్లేదు. 1957 నుంచి 1962 వరకు లోక్‌సభలో, 1962 నుంచి 1968 వరకు రాజ్యసభలో ఉన్నారు. కానీ భూమిలేని కూలీకి చట్టసభ తలుపు ఎంత దూరమో ఆయనకు తెలుసు. మహారాష్ట్ర 1961లో భూ పరిమితి చట్టం తెచ్చింది. భూమి రకాన్ని బట్టి 18 ఎకరాల నుంచి 126 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. ఆ పరిమితి దాటి మిగిలే భూమి ఎంత? అందులో మహార్, మాంగ్ వాడలకు చేరేదెంత? బిల్లు ఆమోదం పొందిందని సంతోషించి ఊరుకుంటే పొలం రాదు.

1959లో ఖాందేశ్, మరాఠ్వాడా ప్రాంతాల్లో ఆయన నాయకత్వాన భూమిలేనివాళ్ల సత్యాగ్రహం జరిగింది. వేలాది మంది బంజర్లలోకి వెళ్లి అరెస్టయ్యారు. మరాఠ్వాడా మనకు పరాయి నేల కాదు. 1956 దాకా అది తెలంగాణతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. అక్కడ గైరాన్ అనే పశువుల మేత బీళ్లను దళితులు దున్నుకున్నారు, ఊరి పెద్దల దాడులు తట్టుకున్నారు, పట్టాల కోసం తరాలు ఎదురుచూశారు. మన ఊళ్లలో బంజరు, పోరంబోకు భూముల కథ కూడా ఇదే.

గింజల కరువు, జైళ్ల నిండా జనం

1964 నాటికి దేశమంతా తిండిగింజల ధరలు మండిపోతున్నాయి. అమెరికా నుంచి పి.ఎల్. 480 కింద గోధుమల ఓడలు రేవులకు చేరుతున్నాయి. జూన్‌లో ప్రధాని అయిన శాస్త్రి, ఆహార మంత్రి సి. సుబ్రమణ్యం కొత్త విధానం కోసం వెతుకుతున్నారు. గిట్టుబాటు ధర ఇచ్చి రైతుల దగ్గర గింజలు కొనాలి, నిల్వ చేయాలి, రేషన్ దుకాణాల ద్వారా అమ్మాలి. దీని కోసమే 1965 జనవరిలో ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పని మొదలుపెట్టింది. పంటల ధరల కమిషన్ కూడా ఆ నెలలోనే ఏర్పడింది.

అమ్ముకోవడానికి గింజలున్న రైతుకు ఆ ధర మేలు చేస్తుంది. పట్నంలో రేషన్ కార్డున్న కుటుంబానికి దుకాణం మేలు చేస్తుంది. సెంటు భూమి లేని, ఏడాదిలో సగం రోజులు కూలి దొరకని పల్లె కూలీకి? అతను గింజలు పండిస్తాడు కానీ అమ్మేవాడు కాదు. కొనాలంటే కూలి డబ్బు కావాలి, ఆ కూలికి చట్టం చెప్పిన కనీస రేటు రావాలి. గైక్వాడ్ పత్రంలో భూమి, కూలి, గింజల ధర పక్కపక్కన ఎందుకున్నాయో ఇక్కడ అర్థమవుతుంది. ఈ మూడింటిలో ఒకటి తీసేస్తే మిగతా రెండూ నిలబడవు. గింజలకు ధర పెంచి కూలి పెంచకపోతే పస్తులుండేది పండించినవాడే.

సర్కారు నుంచి కదలిక లేకపోవడంతో 1964 డిసెంబరు 6న, అంబేద్కర్ వర్ధంతి రోజున, దేశవ్యాప్త సత్యాగ్రహం మొదలైంది. మహారాష్ట్రతో పాటు ఉత్తరప్రదేశ్, పంజాబ్ వంటి రాష్ట్రాల్లోనూ జనం కదిలారు. కలెక్టరేట్ల ముందు, తాలూకా కచేరీల ముందు బృందాలు బృందాలుగా అరెస్టయ్యారు. చంకన బిడ్డలతో ఆడవాళ్లు జైళ్లకు వెళ్లారు. 1965 ఫిబ్రవరి దాకా సాగిన ఈ ఉద్యమంలో మూడు లక్షలకు పైగా జనం అరెస్టయ్యారని పార్టీ లెక్క. స్వతంత్ర భారతంలో దళితులు చేసిన అతిపెద్ద జైల్ భరో ఇదే. ఫుడ్ కార్పొరేషన్ పుట్టిన వారాల్లోనే, తిండిగింజలు అడిగిన నేరానికి ఇంతమంది జైళ్లలో ఉన్నారు. హరిత విప్లవం గురించిన మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క కనిపించదు.

చివరికి శాస్త్రి ప్రభుత్వం చర్చలకు వచ్చి చాలా డిమాండ్లను సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సత్యాగ్రహం ముగిసింది. ఆ ఏడాదే, తిండి కొరత వేళ, వారానికి ఒక పూట భోజనం మానేయమని శాస్త్రి దేశాన్ని కోరారు. చాలామంది గౌరవంతో పాటించారు. వారానికి ఎన్ని పూటలు పస్తులుంటున్నారో లెక్క చెప్పమంటే వాడల్లోని వాళ్లు ఏం చెప్పేవాళ్లో!

ఒప్పుకున్నవి ఎప్పుడు వచ్చాయి

సూత్రప్రాయంగా ఒప్పుకోవడానికీ ఇవ్వడానికీ మధ్య ఎంత కాలం పట్టిందో చూడాలి. 1967 ఏప్రిల్ 2న పార్లమెంటు ఆవరణలో అంబేద్కర్ విగ్రహం వెలసింది. సెంట్రల్ హాలులో పటం మాత్రం 1990 ఏప్రిల్ 12న వచ్చింది. బౌద్ధ దళితులకు కేంద్రంలో ఎస్సీ గుర్తింపు కూడా 1990లోనే వచ్చింది. ఆహార భద్రత చట్టం వచ్చింది 2013లో. అంటే గింజల డిమాండ్ చట్టమవడానికి నలభై తొమ్మిదేళ్లు. పేదవాడికి అందే ధరకు బియ్యం ఇవ్వాలన్నది 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయల కిలో బియ్యంగా వచ్చినప్పుడు అందరూ దాన్ని ఒక ముఖ్యమంత్రి ఉదారతగా చెప్పుకున్నారు. దానికి ఇరవై ఏళ్ల ముందు ఆ గింజల కోసం జైలుకు వెళ్లిన దళిత స్త్రీల పేర్లు ఎవరూ తలచుకోలేదు.

ఇక మొదటి రెండు డిమాండ్లు, దున్నేవాడికి భూమి, పేదలకు బంజర్లు? వాటి సంగతి మన ఊళ్లకు వెళ్లి చూస్తే తెలుస్తుంది.

గైక్వాడ్‌ను మచ్చలేని మనిషిగా నిలబెట్టాల్సిన అవసరం లేదు. 1960ల చివర్లో ఆయన యశ్వంతరావు చవాన్ నాయకత్వంలోని కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్నారు. అధికారంలో వాటా ఉంటే భూమి పంపిణీ ముందుకు కదులుతుందని ఆయన వర్గం లెక్క. జరిగింది వేరు. సీట్ల బేరాల్లో పార్టీ ముక్కలైంది. మూడు లక్షల మందిని జైళ్లకు కదిలించిన సంస్థ కొన్నేళ్లలోనే కాంగ్రెస్ నీడన ఒదిగిపోయింది. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టడానికి ఈ నిరాశ కూడా ఒక కారణం. 1968లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 1971 డిసెంబరు 29న ఆయన చనిపోయారు.

ఆ వైఫల్యం నుంచీ మనం నేర్చుకోవాలి. చట్టసభలో ఉన్న మనిషికి బయట జనం ఉన్నంతకాలం సర్కారు ఆయన మాట విన్నది. జనాన్ని వదిలి పొత్తు మీద ఆధారపడ్డాక ఆ మాటకు బరువు తగ్గింది.

ఆయన ఒక్కడే ఈ పని చేశాడనుకోవడం కూడా తప్పే. నాసిక్‌లోనే శాంతాబాయి దాణీ వంటి స్త్రీలు గుడి సత్యాగ్రహం తర్వాతి తరంలో చదువు, రాజకీయం, భూమి పోరాటం మూడింటినీ మోశారు. మన వైపు చూస్తే, హైదరాబాద్ దళిత ఉద్యమం నుంచి వచ్చిన జె. ఈశ్వరీబాయి 1967లో ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు గెలిచారు. గైక్వాడ్ పార్టీ జెండా తెలుగు నేల మీద శాసనసభ దాకా వెళ్లిన సంగతి మన విద్యార్థులు ఎంతమందికి తెలుసు?

2004లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరుతో ఒక పథకం పెట్టింది. భూమిలేని ఎస్సీ, బౌద్ధ కుటుంబాలకు నాలుగెకరాల మెట్ట లేదా రెండెకరాల మాగాణి కొనిస్తుంది. తెలంగాణ 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం ప్రకటించింది. రెండు చోట్లా అమ్మేవాళ్లు దొరకలేదనో, ధర కుదరలేదనో మాట వినిపించింది. గైక్వాడ్ అడిగింది కొనివ్వమని కాదు. పరిమితికి మించి ఉన్న భూమిని, ఖాళీగా పడున్న సర్కారు భూమిని పంచమని అడిగారు. ఈ తేడా మనం గుర్తుంచుకోవాలి. కొనిచ్చే పథకంలో అమ్మేవాడి ఇష్టం మీద మన భూమి ఆధారపడుతుంది. పంచే చట్టంలో అది మన హక్కు అవుతుంది.

ఏప్రిల్ 14 వస్తుంది, డిసెంబరు 6 వస్తుంది. మనం విగ్రహాలకు దండలు వేస్తాం, వేయాలి కూడా. ఆ పటం పార్లమెంటు గోడ మీదకు ఎక్కడానికి కూలీలు జైళ్లకు వెళ్లారు. ఆ కాగితం మీదే ఇంకా తీరని డిమాండ్లు ఉన్నాయి. మీ ఊళ్లో బంజరు ఎంతుంది, అసైన్డ్ పట్టా ఉన్న దళిత కుటుంబాలు ఎన్ని, ఆ భూమిని ఇప్పుడు దున్నుతున్నదెవరు, కూలి రేటెంత, రేషన్ ఎవరికి అందడం లేదు? వచ్చే డిసెంబరు 6 లోపు ఈ అయిదు ప్రశ్నలతో మీ ఊరి రికార్డులు తిరగేయండి. గైక్వాడ్ కూడా ఊర్ల నుంచే మొదలుపెట్టారు.